ఇంటి చెట్టు కొట్టించాలా, కొమ్మలు తీయిస్తే చాలా? మనిషిని పిలవడం దగ్గర్నుంచి మోడు తీసేదాకా

చెట్లు కొట్టే మేస్త్రీని పిలిచి "ఈ చెట్టుని ఏం చేద్దాం?" అని అడిగితే ఆయన నోట వచ్చే మాట దాదాపు ఒకటే: "కొట్టేద్దాం సార్." ఆయన్ని తప్పుపట్టడానికి లేదు. కొమ్మ తీస్తే ఆయనకు కూలి మాత్రమే దక్కుతుంది, మాను పడితే కర్ర కూడా దక్కుతుంది. అందుకే ఏం చేయాలన్నది మనం ముందే తేల్చుకుని, ఎలా చేయాలన్నదే ఆయన్ని అడగాలి. అక్కడ తడబడితే ఆ తర్వాత ఎంత బేరమాడినా లాభం ఉండదు.

ఇది హైదరాబాద్, విశాఖ, విజయవాడ లాంటి ఊళ్లలో రెండు మూడొందల గజాల్లో ఇల్లు, ఇంటి పక్కన ఓ మామిడో వేపో రెండు కొబ్బరిచెట్లో ఉన్నవాళ్ల కోసం. తోటల్లో సరుగుడు కొట్టించే లెక్క వేరు, దాని జోలికి వెళ్లడం లేదు.

1. ముందు చెట్టు చుట్టూ ఒకసారి తిరగండి

చెట్టు తీయించాలనుకునేవాళ్లు చెప్పే కారణాలు ఎక్కడైనా ఒకేలా ఉంటాయి. ఆకు రాలి చెత్తవుతోంది, పక్కింటివాళ్లు గొడవ పడుతున్నారు, వాస్తు బాలేదన్నారు, గాలివానకు ఇంటిమీద పడుతుందని భయంగా ఉంది. వీటిలో చివరిది ఒక్కటే చెట్టును చూసి తేల్చాల్సింది. మిగతావి మనుషులతో మాట్లాడి తేల్చుకునేవి.

చూడటం మాను మొదలు దగ్గర ప్రారంభించండి. చెట్టు వాలిన దిక్కుకు ఎదురువైపు నేల పగిలిందా, మట్టి ఉబికి పైకి లేచిందా? ఏళ్ల తరబడి వంగి ఉండి, పైకి వెళ్లేకొద్దీ మళ్లీ నిటారుగా పెరిగిన చెట్టైతే కంగారు అక్కర్లేదు, అది ఆ వాలుకు అలవాటు పడింది. నిరుటిదాకా నిటారుగా ఉన్నది ఈ ఏడు వాలితే మాత్రం వేళ్లు పట్టు వదులుతున్నట్టే. సంపు కోసమో డ్రైనేజీ పైపు కోసమో ఈ మధ్య మొదలు పక్కన తవ్వారేమో గుర్తు తెచ్చుకోండి. అప్పుడు తెగిన వేళ్ల ప్రభావం ఒకటి రెండేళ్ల తర్వాత గాలికి బయటపడుతుంది.

మొదలు చుట్టూ కుక్కగొడుగులు మొలిచినా, మానుకు అంటుకుని చెక్కలాంటి గట్టి గొడుగులు వచ్చినా లోపల కుళ్లు ఉందని అర్థం. చెక్క సుత్తితో మాను చుట్టూ తట్టి చూడండి. డొల్లగా మోగినచోట చాక్‌పీసుతో గీత పెట్టండి. తొర్ర ఉన్నంత మాత్రాన చెట్టు కూలిపోదు. తొర్ర చుట్టూ మిగిలిన గట్టి చెక్క మందం మాను వ్యాసార్ధంలో మూడో వంతుకు తగ్గకుండా ఉంటే నిలబడుతుందని నిపుణులు ఒక మోటు లెక్క వాడతారు. 60 సెంటీమీటర్ల మానుకు చుట్టూ 10 సెంటీమీటర్ల గట్టి చెక్క ఉండాలన్నమాట. తొర్ర ఒకవైపు తెరుచుకుని పగులులా పైకి పాకితే మాత్రం ఈ లెక్క పనికిరాదు.

తర్వాత పంగలు. రెండు పెద్ద కొమ్మలు ఇరుకుగా, మధ్యలో బెరడు ఇరుక్కుపోయి పెరిగితే ఆ కలయిక బలహీనంగా ఉంటుంది. గాలివానకు చీలేది చాలాసార్లు అక్కడే. తురాయి, పచ్చతురాయి, సుబాబుల్, మునగ లాంటి పెళుసు కర్ర చెట్లలో పంగల్ని మరింత జాగ్రత్తగా చూడాలి. మామిడి మానుకు చిన్న రంధ్రం, దాని కింద రంపపు పొట్టులాంటిది కనిపిస్తే కాండం తొలిచే పురుగు పడింది. కొబ్బరిలో విప్పారిన మట్టలు కత్తెరతో కోసినట్టు కోణాలుగా తెగి ఉంటే కొమ్ము పురుగు పని. మానుకు రంధ్రాలు పడి గోధుమరంగు జిగురు కారుతుంటే ఎర్రముక్కు పురుగు. ఇవి తొందరగా పట్టుకుంటే మందుతో పోతాయి, చెట్టు కొట్టక్కర్లేదు. కొబ్బరికి మొవ్వు, అంటే నడినెత్తిన ఉండే చిగురు, కుళ్లి పడిపోయిందంటే మాత్రం ఆ చెట్టు మీద ఆశ వదులుకోవాలి, మళ్లీ చిగురించదు.

ఎండిపోతున్నట్టు కనిపించిన ప్రతి చెట్టూ చచ్చినట్టు కాదు. 2021లో తెలంగాణలో, ఆంధ్రలో వేపచెట్లు కొనల నుంచి మాడిపోయినప్పుడు చాలామంది కొట్టించడానికి సిద్ధపడ్డారు. అది ఫోమోప్సిస్ అనే శిలీంధ్రం వల్ల వచ్చిన ఎండుతెగులు, దానికి టీ దోమ కూడా తోడైంది. ఓపిక పట్టినవాళ్ల వేపలు చాలావరకు మళ్లీ చిగురించాయి. అనుమానం వస్తే చిన్న కొమ్మ మీద గోటితో బెరడు గీకండి. కింద పచ్చగా, తడిగా ఉంటే ప్రాణం ఉన్నట్టే.

మహబూబ్‌నగర్ దగ్గరి పిల్లలమర్రి సంగతి తెలిసిందే. దాదాపు 700 ఏళ్ల మర్రి, చెదలు పట్టి కొమ్మ విరిగిపడితే సందర్శకుల్ని ఆపేశారు. 2018లో సెలైన్ సీసాల్లో చెదల మందు కలిపి మానులోకి చుక్కచుక్కగా ఎక్కించారు, బరువైన కొమ్మలకు ఆధారంగా స్తంభాలు కట్టారు, ఊడలు నేలకు దిగేందుకు గొట్టాలు అమర్చారు. మన పెరటి చెట్టుకు అంత హంగామా అక్కర్లేదు కానీ, వాలిన కొమ్మకు ఊతకర్ర పెట్టడం, మందు వేయించడం, బరువు తగ్గించడం అనే దారులు కొట్టేయడం కంటే ముందు ఉన్నాయి.

తెగులు తేల్చుకోలేకపోతే ఫొటోలు తీసుకుని మీ మండల ఉద్యానవన అధికారి దగ్గరికో, దగ్గర్లోని కృషి విజ్ఞాన కేంద్రానికో వెళ్లండి. రైతులకే అనుకుంటారు కానీ కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551కి ఫోన్ చేసి పెరటి మామిడి గురించి తెలుగులో అడగొచ్చు. ఉచితం.

2. పని ఏమిటో ఒక్క వాక్యంలో రాయండి

"కొమ్మలు కొట్టాలి" అనేది పని వివరం కాదు. ఆ మాట విన్న మేస్త్రీ చెట్టును బోడి చేసి వెళ్తాడు. వీధుల్లో మనం చూసే మొండి చెట్లన్నీ ఆ ఒక్క మాట ఫలితమే. తల నరికిన చెట్టుకు కోసినచోట గుత్తులు గుత్తులుగా కొత్త రెమ్మలు వస్తాయి. చూడ్డానికి పచ్చగా ఉంటుంది. కానీ ఆ రెమ్మలు బెరడుకు పైపైన అతుక్కుని పెరుగుతాయి, రెండు మూడేళ్లలో బరువెక్కి గాలికి ఊడిపడతాయి. అంటే భయపడి చేయించిన పని వల్లే ప్రమాదం పెరుగుతుంది. ఈ విషయంలో నాది కొంచెం మొండి అభిప్రాయం: బోడి చేయించడం కన్నా మొదలుకి కొట్టించడం నయం.

సరిగ్గా చెప్పాలంటే ఇలా: ఎండు కొమ్మలు తీయాలి. మేడ మీదికి వాలిన ఫలానా రెండు కొమ్మలు తీయాలి. తీగలవైపు పెరిగినవి వాటి పుట్టుక దగ్గరికి వెనక్కి కోయాలి. లోపల ఒకదానికొకటి రాసుకుంటున్నవి పలచన చేయాలి, గాలి దూరుతుంది, చెట్టు మీద ఒత్తిడి తగ్గుతుంది. ఏ కొమ్మలో మీరే సున్నంతో గుర్తు పెట్టండి. ఒక్కసారికి మొత్తం గుబురులో నాలుగో వంతుకు మించి తీయొద్దు. ముసలి చెట్టైతే అందులో సగం చాలు.

కొబ్బరి, తాటి లాంటివాటికి ఇదేమీ వర్తించదు. వాటికి పెరుగుదల ఒక్క మొవ్వులోనే ఉంటుంది. "పైన కొంచెం కట్ చేస్తే పొట్టిగా ఉంటుంది" అని ఎవరైనా అంటే ఆ మనిషికి కొబ్బరి గురించి తెలియదు. ఎండిన మట్టలు, కాయలు, పీచు తీయడం ఒక్కటే దానికి చేసే శుభ్రం. పచ్చ మట్టలు కూడా గీకేస్తే కాపు తగ్గుతుంది.

కాలం సంగతి. ఎండు కొమ్మలు ఎప్పుడైనా తీయొచ్చు. ఏప్రిల్, మే ఈదురుగాలుల కంటే ముందే, మార్చిలో ఒకసారి చూపించుకోవడం మంచిది. కోస్తాలో ఉన్నవాళ్లు సెప్టెంబర్‌లో మరోసారి చూసుకోవాలి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను విశాఖను తాకినప్పుడు ఊరంతా చెట్లు ఎలా పడ్డాయో అక్కడివాళ్లకు గుర్తుచేయక్కర్లేదు. మామిడికి పెద్ద కత్తిరింపు కాపు దిగాకే. నడివేసవిలో పెద్ద కొమ్మలు తీసేస్తే ఇన్నాళ్లూ నీడలో ఉన్న బెరడు ఎండకు కాలి పగులుతుంది.

3. అనుమతి

మీ స్థలంలో మీరు నాటి, మీరు నీళ్లు పోసి పెంచిన చెట్టైనా మొదలుకి కొట్టాలంటే అనుమతి కావాలి. ఉమ్మడి రాష్ట్రంలో 2002లో వచ్చిన నీరు, భూమి, చెట్ల చట్టం, జనం వాడుకలో వాల్టా, ఇప్పుడు రెండు రాష్ట్రాల్లోనూ ఉంది. అనుమతి ఇచ్చేది అటవీ శాఖ. నగరాల్లో కార్పొరేషన్ హార్టికల్చర్ విభాగం వాళ్లు కూడా వచ్చి చూస్తారు. సరుగుడు, జామాయిల్, సుబాబుల్ లాంటి కొన్ని జాతులకు సడలింపు ఉంది. మీది ఆ జాబితాలోదో కాదో అటవీ శాఖ రేంజ్ ఆఫీసులో అడిగి తెలుసుకోండి, మేస్త్రీ మాట మీద ఆధారపడొద్దు.

దరఖాస్తుతోపాటు చెట్టు ఫొటోలు నాలుగు వైపుల నుంచి, ఇంటి పన్ను రసీదు, ఎందుకు తీయాలో ఒక పేరా పెట్టండి. ఇందాక సుత్తితో తట్టి గీత పెట్టిన ఫొటో ఇక్కడ పనికొస్తుంది. ప్రాణానికి ప్రమాదంగా ఉన్నది, చచ్చిపోయినది అని చూపించగలిగితే పని సులువవుతుంది. ఫీజు, బదులు మొక్కలు నాటాలన్న షరతు ఉంటాయి. కాగితం చేతికి రాకముందే గొడ్డలి పడితే ఫిర్యాదు చేసేది సాధారణంగా ఎదురింటివాళ్లే, జరిమానా కట్టేది ఇంటి యజమానే. మేస్త్రీ ఆ పాటికి ట్రాక్టర్ ఎక్కి వెళ్లిపోయి ఉంటాడు.

ఇంట్లో ఎర్రచందనం, చందనం ఉంటే అటవీ శాఖతో మాట్లాడకుండా కొమ్మ కూడా ముట్టొద్దు. టేకు లాంటి కలప ఇంటి గేటు దాటి బయటికి వెళ్లాలంటే రవాణా పర్మిట్ వేరే తీసుకోవాలి. గేటు బయట ఫుట్‌పాత్ మీదున్న చెట్టు మీరు నాటినా మీది కాదు. దానికి మున్సిపాలిటీకే చెప్పాలి.

4. కరెంటు తీగలు

మిగతా అన్ని అడుగుల్లో కొంత రాజీ పడొచ్చు, ఇక్కడ పడటానికి లేదు. చెట్టు పక్కనుంచి తీగలు వెళ్తుంటే, కొమ్మ వాటికి తగలకపోయినా, ముందు 1912కి ఫోన్ చేసి మీ లైన్‌మన్‌నో అసిస్టెంట్ ఇంజినీర్ (ఏఈ)నో పట్టుకోండి. రెండు రాష్ట్రాల కరెంటు పంపిణీ సంస్థలకూ (డిస్కమ్‌లు) అదే నంబరు. పని జరిగే రోజు, గంట చెప్పి లైన్ క్లియర్ అడగండి. ఎల్‌సీ అంటే వాళ్లకు వెంటనే అర్థమవుతుంది. ఎల్‌సీ తీసుకున్నప్పుడు సబ్‌స్టేషన్ రికార్డుల్లో ఎక్కుతుంది, లైన్‌మన్ వచ్చి స్విచ్ తెరుస్తాడు, పని అయిపోయిందని మీరు చెప్పాకే మళ్లీ సరఫరా ఇస్తారు. "తీసేశాం సార్, మీరు కానివ్వండి" అని ఎవరో ఫోన్‌లో అంటే ఎవరినీ చెట్టు ఎక్కనివ్వకండి. లైన్‌మన్ కళ్లెదుట ఉండాలి.

కరెంటు పోయినా పక్కింటి జనరేటర్ తప్పుడు వైరింగ్ వల్ల తీగలోకి వెనక్కి కరెంటు వచ్చిన సందర్భాలు ఉంటాయి. అందుకని కరెంటు ఆపినా తీగను తాకకుండానే పని చేయాలి. ఇంటి సర్వీసు వైరు, కేబుల్ టీవీ, ఇంటర్నెట్ ఫైబర్ తీగల్ని ముందే ఫొటో తీసి పెట్టుకోండి. వీధిలో సగం మందికి నెట్ పోయాక "మీ చెట్టు వల్లే" అని వచ్చే గొడవ మామూలు టెన్షన్ కాదు.

5. ఎవరిని పిలవాలి

మన దగ్గర చెట్లు కోసే పనికి లైసెన్సు, సర్టిఫికెట్ అంటూ ఏమీ లేవు. కాబట్టి పేరు చూసి కాదు, పని చూసి ఎంచుకోవాలి. వీళ్లు నాలుగు రకాలు.

లేబర్ అడ్డాలో దొరికే కూలీలు ఒకరు. కింద పడ్డ కొమ్మలు నరకడానికి, మోయడానికి సరే, మేడంత ఎత్తు చెట్టెక్కించడానికి కాదు.

కొబ్బరికి, తాటికి ఆ పనే చేసేవాళ్లు ఉన్నారు. కోనసీమలో దింపు కార్మికులు, తెలంగాణలో గీత కార్మికులు. చెట్టు మీద వీళ్లకున్న నిలకడ మరెవరికీ ఉండదు. అయినా తాళ్లు అడగండి. మోకుతో పుట్టి పెరిగిన గీత కార్మికులకే తెలంగాణ ప్రభుత్వం 2024లో కాటమయ్య రక్షణ కవచం పేరుతో సేఫ్టీ కిట్లు ఇచ్చిందంటే, నిత్యం ఎక్కేవాళ్లూ జారిపడుతున్నారనే కదా.

టింబర్ డిపోలకు, కట్టెల అడితీలకు పనిచేసే ముఠాలు మూడో రకం. చైన్ సా, ట్రాక్టర్, మనుషులు అన్నీ వీళ్ల దగ్గరే ఉంటాయి. మొదలుకి కొట్టాలంటే వీళ్లే సరైనవాళ్లు. చెట్టు బతకాలనుకున్న పనికి వీళ్లని పిలవకండి, వాళ్ల చూపంతా మాను లావు మీదే ఉంటుంది.

ఇక ల్యాండ్‌స్కేప్ పనులు చేసే సంస్థలు, పెద్ద నర్సరీల తాలూకు మనుషులు, క్రేన్ బాస్కెట్ ఉన్న కాంట్రాక్టర్లు. ధర ఎక్కువే. చెట్టును ఉంచుకోవాలన్నా, చుట్టూ ఖాళీ లేకపోయినా ఆ ధర పెట్టొచ్చు. చెట్టును వేళ్లతో సహా తవ్వి వేరేచోట నాటేవాళ్లు కూడా హైదరాబాద్‌లో ఉన్నారు. మర్రి, రావి జాతులు దీన్ని బాగా తట్టుకుంటాయి. దానికి క్రేన్ తిరిగే స్థలం, వారాల ముందు తయారీ కావాలి.

ఎవరైనా సరే, వాళ్లు ఏడాది కిందట కొమ్మలు తీసిన చెట్టు ఒకటి చూపించమనండి. కొట్టేసిన చెట్టు ఫొటో ఎవరైనా చూపిస్తారు. కోసి బతికించిన చెట్టును చూపించగలిగేవాళ్లు తక్కువ. అక్కడికి వెళ్లి కోతలు చూడండి. కోసినచోట చుట్టూ బెరడు గుండ్రంగా ముడుచుకుని మూసుకుపోతుంటే వాడు పని తెలిసినవాడు. మూరెడు మొండి కొమ్మలు ఎండి నిలబడి ఉన్నా, మానుకు నున్నగా చెక్కేసి పెద్ద గాయం చేసి ఉన్నా, ధన్యవాదాలు చెప్పి ఇంకొకరిని వెతుక్కోండి.

రావి, మేడి, వేప కొట్టనని కొందరు నిక్కచ్చిగా చెప్తారు. వాదించకండి. ఇష్టంలేని మనిషిని చెట్టెక్కించడం ఎవరికీ మంచిది కాదు. కొబ్బరికాయ కొట్టి, పసుపు కుంకుమ పెట్టి మొదలుపెడతామంటే ఒప్పుకుంటారు చాలామంది.

6. బేరం: కర్ర ఎవరిది?

కనీసం ముగ్గురిని పిలిచి, చెట్టు చూపించాకే ధర అడగండి. ఫోన్‌లో, వాట్సాప్ ఫొటో మీద చెప్పే ధర ధర కాదు. పని రోజు "ఇంత ఉందనుకోలేదు సార్" అనే మాట దాని వెనకే వస్తుంది.

ధరను పెంచేది చెట్టు ఎత్తు ఒక్కటే కాదు. కింద పడేసే జాగా ఉందా, తాడుతో దించాలా అన్నది మొదటి లెక్క. రేకుల షెడ్డు, ప్రహరీ, పక్కింటి కారు, తీగలు ఒక్కొక్కటీ మనుషుల్ని, గంటల్ని పెంచుతాయి. సందులోకి ట్రాక్టర్ రాకపోతే మోత కూలి వేరు. మోడు తీయడం ఎప్పుడూ వేరే లెక్కే, ఎవరూ తమంతట తాము చెప్పరు.

అసలు బేరం ఇక్కడుంది:

"కర్ర మాకు వదిలేస్తే ఇంతలో చేస్తాం అమ్మా."

"కర్ర మాకే ఉంటే ఎంత?"

ఈ రెండో ప్రశ్న అడగకుండా ఒప్పుకోకండి. రెండు ధరల మధ్య తేడాయే ఆయన మీ కర్రకు కట్టిన విలువ. టేకు, పనస, లావుపాటి వేప, నేరేడు ఉంటే ఆ మాను చుట్టుకొలత, పొడవు టేపుతో కొలిచి, డిపోలో రేటు కనుక్కుని రండి. చాలాసార్లు కోత ఖర్చు కర్రలోనే పోతుంది, కొన్నిసార్లు వాళ్లే మీకు డబ్బివ్వాలి. కొబ్బరి, మునగ, తురాయి లాంటివాటికి పెద్దగా ఏమీ రాదు, అక్కడ బేరం పెట్టి సమయం వృథా చేయకండి.

అడ్వాన్సు కొద్దిగా ఇవ్వండి, అదీ పనిముట్లతో గేటులోకి వచ్చాక. మిగతాది చెత్త అంతా బండెక్కి వెళ్లాక. మాను పడగానే డబ్బులిస్తే ఆకు, రెమ్మ, కొమ్మల కుప్ప మీ వాకిట్లోనే ఉంటుంది. ఆకంతా నాలాలోనో ఖాళీ ప్లాటులోనో పడేస్తే మున్సిపాలిటీ అడిగేది మిమ్మల్నే. ఎక్కడికి తీసుకెళ్తారో ముందే అడగండి.

7. ఒక కాగితం రాసుకోండి

ఇంత చిన్న పనికి అగ్రిమెంటా అని నవ్వుతారు. నవ్వనివ్వండి. తెల్లకాగితం మీద ఇలా రాస్తే చాలు:

"ఇంటి ఉత్తరం వైపు మామిడిచెట్టుకు సున్నం గుర్తు పెట్టిన మూడు కొమ్మలు, ఎండు కొమ్మలు మాత్రమే కోయాలి. మిగతా కొమ్మలు ముట్టకూడదు. అన్నీ తాడుతో దించాలి. గోడ, షెడ్డు, తీగలకు నష్టం జరిగితే మేస్త్రీ బాధ్యత. పైకెక్కేవాళ్లకు బెల్టు, తాడు, హెల్మెట్ మేస్త్రీవే. కర్ర యజమానిది. ఆకు, రెమ్మ అదే రోజు తీసుకెళ్లాలి. మొత్తం ఇంత. పని పూర్తయ్యాక ఇంత."

మేస్త్రీ పేరు, ఫోన్ నంబరు, ఆధార్ ఫొటో, ఇద్దరి సంతకాలు. పైకెక్కే మనిషికి ప్రమాద బీమా ఉందా అని అడగండి. ప్రధానమంత్రి సురక్షా బీమా ఏడాదికి 20 రూపాయలే. 18 నుంచి 70 ఏళ్లలోపు బ్యాంకు ఖాతా ఉన్న ఎవరికైనా వస్తుంది, ప్రమాదంలో మరణిస్తే కుటుంబానికి 2 లక్షలు. లేకపోతే ముందుగానే బ్యాంకులో చేయించి రమ్మనండి, ఆ ఇరవై మీరే ఇవ్వండి. ఇది మీ బాధ్యతను తీసేయదు. మీ ఇంట్లో పడితే ఆసుపత్రికి పరుగెత్తేది మీరే.

విదేశాల్లో ఉండి ఊళ్లో అమ్మానాన్నల ఇంటి చెట్టు తీయించేవాళ్లు ఈ కాగితం ఇంకా గట్టిగా రాయాలి. పెద్దవాళ్లను మాటలతో తిప్పేయడం తేలిక. పని మొదలయ్యే ముందు వీడియో కాల్‌లో సున్నం గుర్తులు మేస్త్రీ చేతే చూపించమనండి. ఇక అమెరికాలో సొంతింట్లో చెట్టు విషయమైతే రూల్స్ వేరు. చెట్ల నిపుణుల అంతర్జాతీయ సంఘం ఐఎస్ఏ సర్టిఫికెట్ ఉన్న ఆర్బరిస్ట్‌ను (చెట్ల సంరక్షణ నిపుణుణ్ణి) పిలవడం, బీమా పత్రం నేరుగా బీమా కంపెనీ నుంచే తెప్పించుకోవడం అక్కడి పద్ధతి. డాలస్ వైపు ఓక్ చెట్లున్నవాళ్లు ఫిబ్రవరి నుంచి జూన్ చివరిదాకా కోత పెట్టకపోవడం మంచిది, ఓక్ విల్ట్ తెగులు అంటుకునేది ఆ నెలల్లోనే ఎక్కువ.

8. పని రోజు

పొద్దున్నే మొదలవ్వాలి. రాత్రి వాన పడి మాను తడిగా ఉన్నా, గాలి వీస్తున్నా వాయిదా వేయండి. కార్లు, బైకులు వీధి చివరికి తరలించండి. పిల్లల్ని వెనక గదిలో ఉంచండి. పక్కింటివాళ్లకు ముందురోజే చెప్పండి.

ఎవరూ ఎక్కకముందు బైనాక్యులర్స్‌తోనో ఫోన్ కెమెరా జూమ్‌తోనో చెట్టంతా చూడండి, తేనెతుట్టె ఉందేమోనని. పెద్ద తేనెటీగల తుట్టె ఉంటే ఆ రోజు పని ఆపేయాలి. చైన్ సా శబ్దానికి అవి లేచాయంటే పైనున్న మనిషి తాళ్లలో ఇరుక్కుని ఉంటాడు, దిగలేడు. కందిరీగలూ అంతే. గుడ్లున్న పక్షి గూడు కనిపిస్తే నాలుగు వారాలు ఆగడానికి పోయేదేమీ లేదు.

పైకెక్కే మనిషికి హెల్మెట్, బూట్లు, నడుముకు బెల్టు, ఆ బెల్టు తాడు తాను కోయబోయే కొమ్మకు కాకుండా మానుకు కట్టి ఉండాలి. వినడానికి హాస్యంగా ఉంటుంది కానీ ఆ తప్పు జరుగుతూనే ఉంటుంది. నిచ్చెన మీద నిలబడి చైన్ సా పట్టుకున్నవాణ్ణి, భుజం ఎత్తు దాటి దాన్ని పైకెత్తినవాణ్ణి వెంటనే దించండి. పైన చేతిరంపం చాలు, మిషన్ కిందికి దిగిన దుంగలకు.

మంచి ముఠా పని చేసే తీరు చూస్తే తెలిసిపోతుంది. ఒకడు పైన, ఒకడు తాడు దగ్గర, ఒకడు కింద జనాన్ని ఆపుతూ. పైనున్నవాడు కోయబోయే కొమ్మకు చివరికంటే కొంచెం లోపల తాడు ముడేసి, దాన్ని పైనున్న గట్టి పంగ మీదుగా కిందికి వదులుతాడు. కిందివాడు ఆ తాడును మాను మొదలుకు రెండు మూడు చుట్లు తిప్పి పట్టుకుంటాడు. చుట్ల రాపిడి బరువు మోస్తుంది, ఆయన చేతులు కాదు. కొమ్మ తెగ్గానే కిందికి దూకదు. ఒక్కసారి ఊగి, తాడు మీద నిలబడి, ఆయన సడలించినంత మేర మెల్లగా దిగుతుంది. తాడును అరచేతులకు చుట్టుకుని పట్టుకున్న మనిషి కనిపిస్తే పని ఆపించండి. 60 సెంటీమీటర్ల లావు, మీటరు పొడవున్న పచ్చి దుంగ పావు టన్నుకు పైనే తూగుతుంది.

ఒకేసారి మొదలుకి కోసి పడేయాలంటే చెట్టు ఎత్తుకు ఒకటిన్నర రెట్ల జాగా ఖాళీగా ఉండాలి. ఊళ్లో ఇళ్ల మధ్య అది దాదాపు ఎక్కడా ఉండదు. "తాడు కట్టి ఇటు లాగేస్తాం" అనే భరోసాను నమ్మకండి.

9. కోత సరిగ్గా పడిందా

పెద్ద కొమ్మను మూడు కోతల్లో తీయాలి. మానుకు జానెడు, మూరెడు దూరంలో ముందు అడుగు నుంచి పైకి మూడో వంతు కోత. దానికి కాస్త అవతల పైనుంచి కిందికి కోస్తే కొమ్మ విరిగి పడుతుంది, బెరడు చీలుకుంటూ మానుదాకా రాదు. చివరగా మిగిలిన మొండిని తీయాలి. కొమ్మ మానును కలిసేచోట కొంచెం ఉబ్బి, ముడతపడి ఉంటుంది. ఆ ఉబ్బుకు అవతలే కోయాలి, దాన్ని ముట్టకూడదు. చెట్టు గాయం మూసుకునేది దానితోనే. మీరు కింద నిలబడి గట్టిగా చెప్పాల్సిన మాట ఇదొక్కటే, ఎందుకంటే మేస్త్రీలు చాలామంది నున్నగా చెక్కడమే శుభ్రమైన పని అనుకుంటారు.

కోతకు తారు, పెయింటు పూయక్కర్లేదు, తడి లోపలే ఉండిపోయి కుళ్లుతుంది. మామిడి, నిమ్మ జాతులకు బోర్డో పేస్ట్ పూయడం మన దగ్గర అలవాటు, అది మంచిదే. మైలుతుత్తం ఒక పాలు, సున్నం ఒక పాలు, నీళ్లు పది పాళ్లు. ఇనుప పాత్రలో కలపకండి. తర్వాతి వేసవంతా మొదలుకు దూరంగా, కొమ్మల చివర్ల కింద నీళ్లు పెట్టండి. మొదలు చుట్టూ సిమెంటు పోసి ఉంటే కనీసం మీటరు మేర పగలగొట్టించండి. ఎరువు ఆ ఏడు వద్దు.

10. మోడు, గుంట

మొదలుకి కొట్టించినవాళ్లకు మిగిలేది ఇదే. జేసీబీ వస్తే గంటలో పెకలిస్తుంది, కానీ వేళ్ల కింద మంచినీటి పైపు, డ్రైనేజీ ఎక్కడున్నాయో తెలియకుండా దాన్ని గేటులోకి రానివ్వకండి. జేసీబీ పట్టని సందైతే మోడును నేలకు రెండడుగుల కిందిదాకా కోయించి మట్టి కప్పొచ్చు. కొబ్బరి, తాటి మోడు మళ్లీ చిగురించదు, దానంతట అదే కుళ్లుతుంది. సుబాబుల్, కానుగ, కోనోకార్పస్, వేప మోడు నుంచి మళ్లీ లేస్తాయి. చిగురు వచ్చినప్పుడల్లా గిల్లేస్తూ పోతే ఒకటి రెండేళ్లలో అలసిపోతాయి. గోడకు ఆనుకున్న మోడుకు చెదలు పట్టి ఇంట్లోకి దారి చేసుకుంటాయి, అక్కడ మాత్రం పూర్తిగా తీయించడమే మేలు.

నల్లరేగడి నేలలో ఇల్లున్నవాళ్లకు ఒక సంగతి. గోడ పక్కనున్న పెద్ద చెట్టు ఇన్నేళ్లూ నేలలో తడిని పీలుస్తూ వచ్చింది. దాన్ని తీసేశాక వానాకాలంలో ఆ మట్టి తడి పట్టి ఉబ్బి, గోడకు కొత్త పగుళ్లు తేవచ్చు. గోడ పగులుతోందని చెట్టు కొట్టించాలనుకునేవాళ్లు ముందు ఇంజినీర్‌కు చూపించుకోవాలనేది అందుకే.

గుంటను పూడ్చాక రెండు వానలకు అది కుంగుతుంది, వెంటనే టైల్స్ వేయించకండి. అనుమతి షరతు ప్రకారం నాటే మొక్కను కూడా అదే గుంటలో పెట్టకండి, పాత వేళ్లు కుళ్లుతూ దానికి తెగులు అంటిస్తాయి. ఓ రెండు మీటర్లు జరిపి, గోడకు కనీసం మూడు మీటర్ల దూరంలో, పైన తీగలు లేనిచోట చూడండి. తీగల కిందే నాటక తప్పకపోతే జామ, దానిమ్మ, కరివేపాకు.